గర్భసంచి తీయించుటకు ముందు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



రజతోత్సవ సభయనగా పురాణ ప్రశంసయో కావ్య గోష్ఠియో జరుగుట వాడుక. ఇట్టి వేదికమీద స్త్రీల నెలసరి రక్తస్రావమును గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఇంటిలో చెప్పుకొనుటకు నోరు రాని విషయమును పుస్తకమునందు చదివి తెలిసికొనుటకు గదా గ్రంథాలయము ఏర్పడినది. మన ప్రాచీనులు దీనిని దాచలేదు. చరక సంహిత చికిత్సాస్థానమునందును, సుశ్రుత సంహిత శారీరస్థానమునందును ‘అసృగ్దరము’ అను పేర మితిమీరిన ఋతురక్తస్రావము చెప్పబడినది. అసృక్కు అనగా రక్తము. ‘ప్రదరము’ అనియు దీనికి మరియొక పేరు కలదు. ఆనాటి వైద్యులు సిగ్గుపడక చర్చించిన వ్యాధిని ఈనాటి ఇల్లాండ్రు వంటింటి మూల దాచుకొని, ఏడాదికేడాది పాలిపోవుచున్నారు.

ఒక ఇల్లాలిని తలచుకొనుడు. ఆమెకు పేరు అక్కరలేదు; ప్రతి వీధిలోను ఆమె కలదు. వయస్సు నలుబదికి అటునిటు. ఇద్దరు బిడ్డల తల్లి. రెండేండ్లుగా ఆమెకు నెలసరి వచ్చెనన్న ఎనిమిది తొమ్మిది దినములు ఆగదు. మొదటి మూడు దినములు గంట గంటకు గుడ్డ మార్చుకొనవలెను. రాత్రి రెండు మూడు మారులు లేవవలెను. రూపాయి బిళ్లంతటి గడ్డలుగా నెత్తురు పడును. నాట్లకు పోజాలదు, పెండ్లికి పోజాలదు, బస్సులో కూర్చుండుటకు భయము. బిందె ఎత్తుకొని నాలుగడుగులు వేయుసరికి ఆయాసము. ఎవరును చూడకుండ పచ్చిబియ్యము, బలపములు నమలును. దానిని ఇంటిల్లిపాది చాపల్యమని నవ్వుదురు గాని, అది ఇనుము కొరవడిన శరీరము పెట్టు మొర కావచ్చునని ఎరుగరు.

ఆమె ఎవరికైనను చెప్పుకొన్నచో రెండే సమాధానములు వినబడును. ఒకటి, ‘ఆడదానికి ఇవి ఉండునవే, ఓర్చుకొనవలెను’ అనునది. రెండవది, ‘బిడ్డలు పుట్టిరి గదమ్మా, ఇంక గర్భసంచితో పనియేమి? తీయించివేయుము’ అనునది. ఓర్చుకొనుటకును తీయించుకొనుటకును నడుమ మరియొక దారి ఉన్నదని ఆమెకు తెలియదు. ఆ నడిమి దారిని గూర్చి చెప్పుటయే ఈ ప్రసంగము.

మొదట లెక్క చూడవలెను. ఏ ఖాతాకైనను ఆదాయము, వ్యయము, నిలువ అను మూడు పద్దులు ఉండును. శరీరమునందలి ఇనుమునకును అంతే. ఆరోగ్యవతియైన స్త్రీకి నెలసరిలో పోవు రక్తము సాధారణముగా 30 నుండి 40 మిల్లీలీటర్లు. 80 మిల్లీలీటర్లు దాటినచో అది అధికమని వైద్యులు ఒక హద్దు పెట్టిరి. మిల్లీలీటరు రక్తములో అర మిల్లీగ్రాముకంటె కొంచెము తక్కువ ఇనుము ఉండును. కావున సామాన్యమైన నెలలో ఖర్చు సుమారు 15 మిల్లీగ్రాములు. అదే 160 మిల్లీలీటర్లు పోయినచో ఖర్చు 60 మిల్లీగ్రాములు దాటును. ఇక ఆదాయమో? తిన్న ఆహారమునుండి శరీరము దినమునకు గ్రహింపగలది 1 మొదలు 2 మిల్లీగ్రాములు మాత్రమే. అనగా నెలకు 30 నుండి 60. అందులో దాదాపు దినమునకు ఒక మిల్లీగ్రాము చర్మమునుండియు ప్రేగులనుండియు సహజముగానే వ్యయమగుచుండును. మిగిలినది ఎంత? దానితో 60 మిల్లీగ్రాముల ఖర్చు ఎట్లు తీరును? కాలేయమునందును మజ్జయందును దాచిన నిలువనుండి తీసి చెల్లింపవలెను. నిలువ కరిగిన పిదప నెత్తుటి ఎరుపే తగ్గును. దానికే రక్తహీనత యని పేరు. హిమోగ్లోబిను 12 గ్రాములకు తగ్గినచో గర్భవతి కాని స్త్రీకి అది రక్తహీనతయే.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశమున నూటికి 58.8, తెలంగాణమున 57.6 అని తేలినది. ఇదంతయు నెలసరివలన కలిగినదని చెప్పరాదు; ఆహారలోపము, నులిపురుగులు, ఎడము లేని కాన్పులు కూడ కారణములే. కాని కారు వ్యయమును ఆపక ఆదాయమును మాత్రమే పెంచిన ఖాతా ఎన్నటికిని సరిపడదు. ఇనుము మాత్రలు మ్రింగుచున్నను కోలుకొనని ఇల్లాలికి రక్తము ఎచ్చట పోవుచున్నదో చూడవలెను.

మరి రక్తము ఏల అధికముగా పోవును? కారణములు పెక్కు. అందు మిక్కిలి సామాన్యమైనది గర్భాశయపు గడ్డ. డాక్టర్లు దీనిని ఫైబ్రాయిడు అందురు. గర్భాశయము ఒక కండరపు సంచి. ఆ కండరమునుండియే ముడివలె పెరిగిన గట్టి గడ్డ ఇది. మిరియపు గింజంత యుండవచ్చును, కొబ్బరికాయంత కావచ్చును. ఒకటి యుండవచ్చును, పది యుండవచ్చును. 2003లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశీలనలో ఏబది యేండ్లు వచ్చుసరికి నూటికి డెబ్బదిమంది స్త్రీలకో అంతకంటె ఎక్కువమందికో ఇట్టి గడ్డలు ఉండునని తేలినది. వీరిలో అనేకులకు ఏ బాధయు ఉండదు. గడ్డ ఉన్నదని కూడ తెలియదు. ఇది పుండు కాదు, కాన్సరు కాదు. గడ్డలో కాన్సరు దాగియుండుట మిక్కిలి అరుదు. స్త్రీ శరీరమునందలి హార్మోనులచే ఇవి పెరుగును. ముట్లుడిగిన తరువాత సాధారణముగా తమంతట తామే కుదించుకొనిపోవును. ‘గడ్డ ఉన్నది, వెంటనే తీయకున్న కాన్సరగును’ అని ఎవరైనను భయపెట్టినచో, ఆ మాట విని పరుగెత్తవలసిన పని లేదు. నిదానముగా రెండవ డాక్టరును అడుగవలెను.

గడ్డ ఎంతటిదో అన్నదానికంటె ఎచ్చట ఉన్నదో అన్నది ముఖ్యము. గర్భాశయమును ఒక గదిగా భావింపుడు. గోడ వెలుపలికి పెరిగిన గడ్డ రక్తస్రావమును సాధారణముగా కలిగింపదు. మిక్కిలి పెరిగినప్పుడు మూత్రాశయమునో ప్రేగునో ఒత్తుచుండును. గోడ మందములోనే యుండు గడ్డ గది ఆకారమును చెడగొట్టనూవచ్చును, చెడగొట్టకపోవచ్చును. గది లోపలికి పొడుచుకొని వచ్చిన గడ్డ చిన్నదైనను పెద్ద నష్టము చేయును. ఈ మూడు స్థానములలో ఏదియో తెలియనిదే ఏ చికిత్సయు నిర్ణయింపరాదు. దానిని తెలుపునది స్కానింగు పరీక్ష. అవసరమైనచో సన్నని దూరదర్శినివంటి గొట్టముతో గది లోపల చూతురు.

ఇక మన తెలుగునాట జరుగుచున్నది ఏమి? 2015–16 జాతీయ సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటిమీద నూటికి 3.2. తెలంగాణమున 7.7. ఆంధ్రప్రదేశమున 8.9. దేశమునందలి రాష్ట్రములలో ఆ లెక్కన మనదే అగ్రస్థానము. ఇట్టి అగ్రతాంబూలము ఎవ్వరును కోరుకొనరాదు. శస్త్రచికిత్స ఏల జరిగినదని అడిగినప్పుడు ఆ స్త్రీలలో అందరికంటె ఎక్కువమంది చెప్పిన కారణము అధిక రక్తస్రావమే. నిజముగా అవసరమై చేయించుకొన్నవారు అందులో ఉందురు, సందేహము లేదు. కాని దేశములో అనవసరముగా గర్భసంచులు తీయబడుచున్నవన్న వ్యాజ్యము సుప్రీంకోర్టువరకు పోయినది. 2023 ఏప్రిల్ 5న న్యాయస్థానము తీర్పు చెప్పుచు, అట్టి శస్త్రచికిత్సలను అరికట్టుటకు కేంద్ర ప్రభుత్వము 2022లో సిద్ధపరచిన మార్గదర్శక సూత్రములను మూడు నెలలలో అమలుపరుపవలెనని రాష్ట్రములను ఆదేశించినది.

‘పనిలేని సంచిని తీసిన తప్పేమి?’ అని అడుగువారు కలరు. అది పెద్ద ఆపరేషను. మత్తు, కోత, రక్తనష్టము, చీము, మూత్రమార్గమునకు దెబ్బ, వారముల తరబడి పనిలేమి, వడ్డీకి తెచ్చిన అప్పు – ఇవి మొదటి పద్దు. సంచితోపాటు అండాశయములను కూడ తీసివేసినచో ఆ దినమే ముట్లుడిగినట్లగును. ఒంటిలో ఆవిరులు, ఎముకలు పెళుసుబారుట, చిన్న వయస్సుననే గుండెజబ్బు భయము దాని వెంట వచ్చును. అండాశయములను ఉంచినను, ముట్లుడుగు కాలమునందలి మార్పులు కొందరికి ముందుగా రావచ్చును. ముప్పదియైదేండ్ల కూలి స్త్రీకి ఎముక బలమే ఆస్తి. ఆ ఆస్తిని తాకట్టు పెట్టుటకు ముందు దస్తావేజు రెండుమారులు చదువవలెను.

ఇక నడిమి దారి. దీనికి వైద్యులు పెట్టిన పేరు లెవోనార్జెస్ట్రెల్ గర్భాశయ సాధనము. సామాన్యముగా హార్మోను లూపు అని చెప్పుకొనవచ్చును. ఫిన్లాండు దేశపు వైద్యుడు తపాని లూక్కైనెన్ ఆధ్వర్యమున, పాపులేషన్ కౌన్సిల్ అను అంతర్జాతీయ సంస్థ పూనికతో ఇది రూపొందినది. 1990లో ‘మిరేనా’ అను పేర ఫిన్లాండులో వాడుకకు వచ్చినది. 2000లో అమెరికా దీనిని గర్భనిరోధమునకును, 2009లో అధిక రక్తస్రావ చికిత్సకును అంగీకరించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో దీనిని అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చినది. భారత ప్రభుత్వపు 2022 జాతీయ అత్యవసర ఔషధముల పట్టికలోను ఇది కలదు.

చూచుటకు ఇది ఆంగ్లాక్షరమైన ‘టి’ ఆకారముగల చిన్న మెత్తని ప్లాస్టిక్ వస్తువు. నిలువును అడ్డమును 32 మిల్లీమీటర్లే. దాని కాండము చుట్టు 52 మిల్లీగ్రాముల హార్మోను నింపబడి యుండును. అది ఒక పలుచని పొరగుండ మొదట దినమునకు సుమారు 20 మైక్రోగ్రాముల చొప్పున మెల్లగా స్రవించును. మిల్లీగ్రాములో వేయవ వంతు మైక్రోగ్రాము. ఏండ్లు గడచినకొలది ఈ మోతాదు తగ్గుచు ఐదేండ్లకు దాదాపు సగమగును. నోటి మాత్రవలె దేహమంతయు చుట్టి రానక్కరలేదు. పని ఉన్నచోటనే మందు పడును.

అది చేయు పని యేమి? గదియొక్క గోడకు లోపల ఒక పూత ఉండును. బిడ్డ వచ్చి ఇమడునేమోయని శరీరము నెలనెలా ఆ పూతను మందముగా పెంచును. బిడ్డ రానప్పుడు ఆ పూత రాలి నెత్తురుతో వెలికి వచ్చును, అదియే నెలసరి. ఈ హార్మోను ఆ పూతను పెరుగనీయక పలుచగా ఉంచును. పూతయే లేనప్పుడు రాలునది యేమి? కావున రక్తస్రావము తగ్గును. ‘నెత్తురు బయటికి రాకున్న లోపల నిలిచిపోవును, తలకెక్కును’ అను భయము మన స్త్రీలలో మెండు. నిలుచుటకు లోపల నెత్తురు తయారైననే గదా! వానలేని యేట చెరువు ఎండిన, నీరు ఎవరో దాచిరని అనము. అండాశయములు సాధారణముగా తమ పని తాము చేయుచునే యుండును, ముట్లుడిగినట్లు కాదు.

ఇచ్చట ఒక పేరును గూర్చి జాగ్రత్త వహింపవలెను. 1965లో ప్రభుత్వము కుటుంబ నియంత్రణమునకై లూపు కార్యక్రమము సాగించినది. ఆ లూపు పెట్టించుకొన్న అవ్వలలో అనేకులకు రక్తస్రావము అధికమైనది. తరువాత వచ్చిన కాపర్-టి వలన కూడ నెలసరి హెచ్చుట కద్దు. అందుచేత ‘లూపు’ అన్న మాట వినగానే ఇండ్లలో పెద్దలు బెదరుదురు. వారి అనుభవము అబద్ధము కాదు. కాని రాగి తీగ చుట్టిన సాధనము వేరు, హార్మోను నింపిన సాధనము వేరు. ఆకారము ఒకటే, గుణములు ఒకదాని కొకటి విరుద్ధములు. ఏది పెట్టుచున్నారో పేరుపెట్టి అడిగి తెలిసికొనవలెను.

గడ్డలు లేని స్త్రీలలో ఈ సాధనము వలన ఒక యేటిలో రక్తనష్టము నూటికి డెబ్బది మొదలు తొంబదియైదు పాళ్లవరకు తగ్గునని పరిశీలనలు చెప్పుచున్నవి. గడ్డలున్నవారిలోను రక్తనష్టము చాల తగ్గి హిమోగ్లోబిను పెరిగినట్లు కనబడినది. అయితే మూడు సత్యములు దాచక చెప్పవలెను.

మొదటిది, ఇది గడ్డను కరిగింపదు. గడ్డ సాధారణముగా ఉన్నంతయే యుండును. నెత్తుటి నష్టము మాత్రము తగ్గును. పొట్ట ఎత్తుగా ఉండుట, మూత్రమునకు మాటిమాటికి పోవుట మొదలైన ఒత్తిడి బాధలు దీనితో తీరవు.

రెండవది, ఇది అందరికిని పొసగదు. గడ్డ గది లోపలికి పొడుచుకొని వచ్చి గది ఆకారమును మార్చినచో ఇది అమరదు. ఇంగ్లండు దేశపు వైద్యప్రమాణముల సంస్థ 2018లో ఇచ్చిన సూత్రము ప్రకారము, గడ్డ 3 సెంటీమీటర్లలోపు ఉండి గది ఆకారము చెడనప్పుడు దీనిని మొదటి చికిత్సగా ఆలోచింపవచ్చును. పది రూపాయల బిళ్ల వెడల్పు 27 మిల్లీమీటర్లు గనుక అంతకంటె కొంచెము పెద్దదన్నమాట. దానికి మించిన గడ్డలలోను ఇది ఒక మార్గమే గాని, స్త్రీవైద్య నిపుణులు చూచి నిర్ణయింపవలెను. గర్భవతులకు, గర్భాశయమున చీము ఉన్నవారికి, రొమ్ము కాన్సరు వచ్చినవారికి, కాలేయవ్యాధి తీవ్రముగా నున్నవారికి, రక్తస్రావమునకు కారణము ఇంకను తేలనివారికి ఇది తగదు. నలుబదియైదేండ్లు దాటినవారికి లోపలి పూతనుండి చిన్న ముక్క తీసి పరీక్షించి, కాన్సరు లేదని తెలిసికొనుట మంచిది. ముట్లుడిగిన యేడాది తరువాత చుక్క నెత్తురు కనబడినను ఒక్క వారమైన జాగు చేయక చూపించుకొనవలెను.

మూడవది, ఇది కొందరిలో జారిపోవును. గడ్డలున్నవారిలో అట్లు జారుట ఇతరులకంటె తరచుగా జరుగును. దీనికి చివర రెండు సన్నని దారములు ఉండును. నెలకొకమారు అవి చేతికి తగులుచున్నవో లేదో చూచుకొనవలెను. దారము తగులకున్నను, తగ్గిన స్రావము మరల హెచ్చినను డాక్టరు వద్దకు పోవలెను.

పెట్టించుకొనుటకు కొద్ది నిమిషములు చాలును. కోత లేదు, చాలమందికి పూర్తి మత్తు అక్కరలేదు. ఆ సమయమున నెలసరి నొప్పివంటి నొప్పి వచ్చును. వేయి మందిలో ఒకరిద్దరికి గర్భాశయపు గోడకు రంధ్రము పడుట సంభవింపవచ్చును గనుక చేయి తిరిగిన డాక్టరుచేతనే పెట్టించుకొనవలెను. మొదటి మూడు వారములలో జ్వరము, దుర్వాసనతో కూడిన స్రావము, పొత్తికడుపున తీవ్రమైన నొప్పి వచ్చినచో అదే దినమున చూపించుకొనవలెను.

అన్నింటికంటె ముఖ్యమైన హెచ్చరిక ఇది: మొదటి మూడు మొదలు ఆరు మాసములు చుక్క చుక్కగా, వేళ తప్పి నెత్తురు కనబడుట సహజము. ఈ సంగతి ముందు చెప్పకపోవుటచేతనే అనేకులు ‘ఇది పనిచేయలేదు’ అని రెండవ నెలలోనే తీయించివేయుదురు. నాటిన మరునాడే పంట కోయము గదా! ఓర్పుతో ఆరు నెలలు చూచినవారికి స్రావము తగ్గుముఖము పట్టును. ఏడాది గడచుసరికి నూటికి ఇరువదిమందికి నెలసరి పూర్తిగా నిలిచిపోవును. దానివలన హాని లేదు. స్రావ చికిత్సకై ఐదేండ్లవరకు ఉంచుదురు. ఎప్పుడు కావలసిన అప్పుడు తీయించుకొనవచ్చును. తీసిన పిదప గర్భధారణ శక్తి మరల వచ్చును. ఇది లోపల ఉండి పనిచేయుచున్నంతకాలము సాధారణముగా గర్భము రాదు గనుక బిడ్డను కోరువారు వేరు చికిత్సను అడుగవలెను.

ఇది శస్త్రచికిత్సతో సాటి రాగలదా యని ఫిన్లాండు వైద్యులే పరీక్షించిరి. అధిక రక్తస్రావముగల 236 మంది స్త్రీలను చీట్లు వేసి పంచినట్లు రెండు భాగములు చేసిరి. 119 మందికి ఈ సాధనము, 117 మందికి గర్భసంచి తీయుట. వీరందరును గడ్డలవారే కారు. ఐదేండ్ల తరువాత 2004లో ఫలితములు ప్రకటించిరి. రెండు వర్గముల వారి ఆరోగ్యమునందును, జీవిత సుఖమునందును చెప్పదగిన భేదము కనబడలేదు. ఖర్చు మాత్రము సాధనము వారికి తక్కువైనది. అయితే ఆ 119 మందిలో 50 మంది, అనగా నూటికి 42 మంది, ఆ ఐదేండ్లలోపల చివరకు శస్త్రచికిత్సయే చేయించుకొనిరి. ఈ లెక్కను ఎటు తిప్పియైనను చదువవచ్చును. అందరిని ఇది కాపాడలేదన్నది నిజము. తక్కిన 69 మంది, ఆ యాపరేషను లేకుండనే ఐదేండ్లు గడపిరన్నదియు నిజము. మొదట సంచి తీసివేసినచో ఆ 69 మంది ఎవరో లోకమునకు తెలిసియుండెడిది కాదు. సాధనమును పెట్టి తీయవచ్చును. తీసిన గర్భసంచిని మరల పెట్టజాలము. అందుచేత తిరిగిరాగల దారిని ముందు నడచి చూచుట వివేకము.

హార్మోను లూపు ఒక్కటే దారి యని కూడ అనరాదు. స్రావదినములలో మాత్రమే మ్రింగు ట్రానెక్సామిక్ ఆమ్లపు మాత్రలు కలవు. నొప్పిని నెత్తుటిని కొంత తగ్గించు మెఫినామిక్ ఆమ్లపు మాత్రలు కలవు. ఇతర హార్మోను మాత్రలు కలవు. గది లోపలి గడ్డను పొట్ట కోయకుండ క్రిందినుండియే గొట్టముతో తీయవచ్చును. సంచిని ఉంచి గడ్డలను మాత్రమే తీయు శస్త్రచికిత్స కలదు. గడ్డకు పోవు రక్తనాళమును మూయు పద్ధతి పెద్ద ఆసుపత్రులలో కలదు. ఏ దారి పట్టినను ఇనుము మాత్రలు వెంట నడువవలెను. కరిగిన నిలువను తిరిగి నింపవలెను గదా. ఇవన్నియు చేసినను తగ్గనివారికి, గడ్డలు మిక్కిలి పెరిగి బాధించువారికి, కాన్సరు తేలినవారికి గర్భసంచి తీయుట సరియైన చికిత్సయే. దానికి జడియరాదు. అది చివరి తలుపు. మొదటి తలుపు కారాదు.

కావున ఆపరేషను కాగితముమీద సంతకము పెట్టుటకు ముందు ఇల్లాలును, ఆమె భర్తయు డాక్టరును అడుగవలసిన ప్రశ్నలు ఐదు. గడ్డ ఎంత ఉన్నది, గోడ వెలుపలనా, గోడలోనా, గది లోపలికా? రక్తము ఎంత ఉన్నది? హార్మోను సాధనము ఈమెకు పొసగునా, పొసగకున్న ఏల? దానికంటె ముందు ఏ మందులు వాడి చూడవచ్చును? శస్త్రచికిత్స తప్పనిచో అండాశయములను ఉంచుదురా? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు కోపగింపడు. కోపగించినచో మరియొక డాక్టరు ఉన్నాడు. స్కానింగు కాగితములను పారవేయక వెంట తీసికొని, జిల్లా ఆసుపత్రికో వైద్య కళాశాల ఆసుపత్రికో పోయి రెండవ అభిప్రాయము అడుగుట ఎవరికిని అవమానము కాదు. పొలము కొనునప్పుడు పది మందిని విచారించు గృహస్థు, ఇల్లాలి దేహమును గూర్చి ఒక్కరినైన విచారింపక సంతకము పెట్టుట న్యాయమా?

పురుషులకు ఒక మాట. ఆమె పాలిపోయిన ముఖమును ప్రతిదినము చూచువారు మీరే. ‘ఏల అలసియున్నావు?’ అని ఒక్కమారు అడిగినచో ఆమె రెండేండ్లు దాచినది చెప్పవచ్చును. అత్తలకు ఒక మాట. మీ కాలమున ఓర్చుకొనుట తప్ప వేరు దారి లేకుండెను. మీ కోడండ్ర కాలమున ఉన్నది. మీరు ఓర్చిన బాధయే కోడలును ఓర్వవలెననుట పెద్దరికము కాదు.

మొదట తలచుకొన్న ఆ పేరులేని ఇల్లాలు ఈనాడు ఈ సభలో, స్త్రీలు కూర్చున్న ఆ చాపమీదనే యుండవచ్చును. ఆమె లేచి నిలిచి చెప్పనక్కరలేదు. ఆశా కార్యకర్తను ఒంటరిగా పిలిచి, ‘నాకు రక్తపరీక్ష చేయించుము’ అన్న చాలును. అక్కడనుండి లెక్క మొదలగును. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఈ యూరివారికి చదువు నేర్పినది. చదివిన విషయము ఒక్క ఇల్లాలి నెత్తుటిని నిలిపినను, ఒక్క యింటిని అనవసరమైన అప్పునుండి కాపాడినను, ఆ ఇరువదియైదేండ్ల ఖాతా లాభముతో ముగిసినట్లే.

స్వస్తి.